ఐదు మ్యాచ్‌ల మెరుపు నిలుస్తుందా?

ప్రశ్న: నమస్కారం. మా రెండో అమ్మాయికి పదహారేళ్లు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. మూడేళ్లు 400 మీటర్ల పరుగులో పోటీపడింది. ఏడాదిన్నర కిందట స్నేహితురాలికి తోడుగా బాస్కెట్‌బాల్ కోర్టుకు వెళ్లి అక్కడే ఉండిపోయింది. టీమ్‌లో చివరి పేరు తనదే, ఎక్కువగా బెంచ్ మీదే కూర్చునేది. ఈమధ్య జరిగిన టోర్నమెంట్‌లో వాళ్ల మెయిన్ పాయింట్ గార్డ్‌కు, అంటే బంతి తీసుకెళ్లి ఆట నడిపించే అమ్మాయికి, చీలమండ బెణకడంతో కోచ్ మా అమ్మాయిని దింపారు. ఐదు మ్యాచ్‌ల్లో వరసగా 9, 18, 22, 25, 11 పాయింట్లు కొట్టింది. అప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. ఒకాయన తన అకాడమీలో చేర్చమంటున్నారు. ఇంకొకాయన చదువు ఒక ఏడాది పక్కన పెట్టించమంటున్నారు. మా ఇంట్లో ఎవరికీ ఆటల గురించి తెలియదు. ఐదో మ్యాచ్ అయ్యాక ఇంటికొస్తూ "నాన్నా, వచ్చేసారి ఆడలేకపోతే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయిలో నిజంగా విషయం ఉందా? ఉంటే ఎంతదూరం వెళ్తుంది? ఐదు మ్యాచ్‌ల స్కోరు షీట్లు, చివరి రెండు మ్యాచ్‌ల వీడియోలు పంపుతున్నాను. దాచకుండా చెప్పండి.
ఒక తండ్రి

జవాబు: నమస్కారం అండీ. మీరు పంపిన వీడియోలు రెండుసార్లు చూశాను. మొదటిసారి అందరూ చూసినట్టే బంతి వెంట చూశాను. రెండోసారి బంతిని వదిలేసి మీ అమ్మాయినొక్కదాన్నే చూశాను. మీ ప్రశ్నకు నా జవాబు ఆ రెండోసారి చూసినప్పుడే దొరికింది. విషయం ఉంది. అయితే అది మీకు ఫోన్ చేస్తున్నవాళ్లు చెబుతున్న చోట లేదు.

వాళ్లంతా 25 పాయింట్ల మ్యాచ్ గురించి మాట్లాడుతున్నారు కదా. ముందు ఆ పాయింట్ల సంగతే చూద్దాం. ఐదు మ్యాచ్‌ల్లో కలిపి 85 పాయింట్లు. అందులో త్రీ పాయింటర్లు, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 14 వేస్తే 8 పడ్డాయి. అంటే 57 శాతం. ఇది వినడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ ఎనిమిదిలో మూడు రింగు చుట్టూ తిరిగి బయటికి వచ్చేశాయనుకోండి, అప్పుడు 14కి 5, అంటే 36 శాతం. చేయి అదే, షాట్ అదే, మూడు బంతులు అటో ఇటో పడటంలో ఉన్న తేడా అంతే. త్రీ పాయింటర్ల శాతాన్ని నమ్మాలంటే వందల షాట్లు కావాలి. పద్నాలుగుతో ఏమీ తేలదు. రేపు ఐదు మ్యాచ్‌ల్లో 14కి 3 పడినా అమ్మాయి చెడిపోయిందని అనుకోవద్దని ఈ లెక్క ముందే చెబుతున్నాను.

అదే షీట్‌లో ఎవరూ పట్టించుకోని ఇంకో అంకె ఉంది. ఫ్రీత్రోలు, అంటే అవతలివాళ్లు ఫౌల్ చేసినప్పుడు ఇచ్చే షాట్లు, 24కి 19. ఇది కూడా పెద్ద సంఖ్యేమీ కాదు. కాకపోతే ఫ్రీత్రోకి అడ్డం ఎవరూ ఉండరు, దూరం మారదు. గీత నుంచి బోర్డు వరకు ఎప్పుడూ అదే 4.6 మీటర్లు. అందుకే షూటింగ్‌లో చేయి ఎంత కుదురుగా ఉందో త్రీల కంటే ఫ్రీత్రోలే త్వరగా చెబుతాయి. కొత్తవాళ్లను అంచనా వేసేటప్పుడు అనుభవమున్న కోచ్‌లు ముందు ఆ గడి దగ్గరే ఆగుతారు. వీడియోలో చూస్తే మీ అమ్మాయి మోచేయి రింగు వైపే ఉంటోంది, బంతి వదిలాక మణికట్టు కిందికి వాలి ఒక క్షణం అలాగే నిలుస్తోంది. ప్రతిసారీ అదే తీరు. నాలుగో క్వార్టర్‌లో అలసట మీద వేసినప్పుడు కూడా మారలేదు. ఈ చేతిని ఎవరో ఓపికగా దిద్దారు. వాళ్ల కోచ్ అయితే ఆయనకు నా నమస్కారం చెప్పండి.

ఇప్పుడు నేను పదేపదే వెనక్కి తిప్పి చూసిన సన్నివేశం చెబుతాను. ఐదో మ్యాచ్, మూడో క్వార్టర్. మీ అమ్మాయి కుడివైపు దూసుకెళ్తుంటే అవతలి అమ్మాయి బంతి తట్టేసి ఒంటరిగా మన రింగు వైపు పరిగెత్తింది. ఇలాంటప్పుడు పదహారేళ్ల పిల్లలు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. తల పట్టుకుని అక్కడే నిలబడిపోతారు, లేదా కోపంతో వెంటపడి వెనక నుంచి చేతి మీద కొట్టి ఫౌల్ చేస్తారు. మీ అమ్మాయి రెండూ చేయలేదు. వెనక్కి తిరిగి పరిగెత్తింది. మూడు నాలుగు అంగల్లో ఆ అమ్మాయి పక్కకు వచ్చేసింది. బంతి కోసం చేయి విసరలేదు. పక్కనే పరిగెత్తుతూ ఒక చేయి నిటారుగా పైకెత్తింది. అవతలి అమ్మాయి కంగారుపడి, రింగు దగ్గరికొచ్చి వేసే లేఅప్ షాట్‌ను గట్టిగా బోర్డుకు కొట్టింది. తిరిగొచ్చిన బంతి, అంటే రీబౌండ్, మీ అమ్మాయికే దొరికింది. ఆ తర్వాత చేసిందే నాకు ఇంకా నచ్చింది. పోయింది వెంటనే రాబట్టాలని మళ్లీ దూసుకుపోలేదు. ఒక చేత్తో బంతి తడుతూ, రెండో చేయి పైకెత్తి జట్టుకు "ఆగండి" అని సైగ చేసింది. ఊపిరి తీసుకుంది. అందరూ చోట్లలోకి వచ్చాక పాస్ ఇచ్చింది.

స్కోరు షీట్‌లో దీనికి మిగిలింది ఒక టర్నోవర్ (బంతి పోగొట్టుకోవడం), ఒక రీబౌండ్. పాయింటు ఒక్కటీ లేదు. తప్పు చేసిన తర్వాత వచ్చే పది సెకన్లలో ఏం చేస్తారన్నదే నేను ఆటగాళ్లలో చూసే మొదటి గుణం. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు ఆట నేర్పాను. షూటింగ్ నేర్పగలిగాను, డ్రిబ్లింగ్ నేర్పగలిగాను. ఆ పది సెకన్ల నిబ్బరం నేర్పడానికి మాత్రం ఏళ్లు పట్టేది, కొందరికి ఎప్పటికీ రాలేదు. మీ అమ్మాయికి అది వచ్చే ఉంది.

దీని వెనక ఆ 400 మీటర్ల పరుగు కూడా ఉందనుకుంటున్నాను. 400 పరిగెత్తినవాళ్లకు ఆఖరి వంద మీటర్లలో కాళ్లు సీసంలా బరువెక్కినా ఆకారం చెదరకుండా పరిగెత్తడం అలవాటు. అందుకే మీ అమ్మాయి నాలుగో క్వార్టర్‌లోనూ మొదటి క్వార్టర్ వేగంతోనే వెనక్కి వస్తోంది. మిగతా పిల్లలు నడుస్తున్నారు. ఏడాదిన్నర కిందట ఆట మొదలుపెట్టిందని మీరు కొంచెం బెంగగా రాశారు. వేరే ఆట నుంచి ఆలస్యంగా రావడం ఈ ఆటలో కొత్తేమీ కాదు. హకీమ్ ఒలాజువాన్ పదిహేనేళ్ల వరకు బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. అప్పటివరకు హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ గోల్‌కీపింగ్. ఆయన పాదాల కదలికలకు మూలం అక్కడే ఉందంటారు. 1994, 1995లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో హ్యూస్టన్ రాకెట్స్‌ను ఛాంపియన్లుగా నిలబెట్టాడు. టిమ్ డంకన్ ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను వాళ్ల ద్వీపంలోని పెద్ద ఈతకొలనును ధ్వంసం చేశాకే ఈ ఆట వైపు వచ్చాడు. తర్వాత ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. అయితే వాళ్లిద్దరూ ఏడడుగులకు అటూ ఇటూగా ఉన్న మనుషులు, ఆ తేడా మరిచిపోకూడదు. పదహారేళ్ల తర్వాత అమ్మాయిలు పెద్దగా ఎత్తు పెరగరు. కాబట్టి మీ అమ్మాయి ఐదడుగుల ఆరంగుళాల గార్డ్‌గానే ఎదగాలి. ఆ దారిలో నడిచినవాళ్ల గురించి కిందే చెబుతాను.

ఇంకో బలం ఉంది. బంతి తన దగ్గరికి రాకముందే మీ అమ్మాయి తల రెండుసార్లు తిప్పి చూస్తోంది, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. బంతి చేతికి అందాక చూసేవాళ్లకు ఒక సెకను ఆలస్యమవుతుంది. ముందే చూసినవాళ్లకు ఆ సెకను మిగులుతుంది. షీట్‌లోని 20 అసిస్ట్‌లు, అంటే పాయింట్లుగా మారిన పాస్‌లు, వచ్చింది ఇక్కడి నుంచే. నికోలా జోకిచ్ పెద్దగా ఎగరలేడు, వేగంగా పరిగెత్తలేడు. 2014లో, జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 41వ ఎంపికగా వచ్చిన అలాంటి మనిషి 2021, 2022, 2024లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడయ్యాడంటే, మిగతావాళ్ల కంటే ముందే కోర్టంతా చూసేయడం అందులో పెద్ద భాగం. మీ అమ్మాయిని ఆయనతో పోల్చడం లేదు. ఆ అలవాటుకు ఎంత విలువ ఉందో చెబుతున్నాను, అంతే.

ఇక ఐదో మ్యాచ్ సంగతి. 11 పాయింట్లు, 2 అసిస్ట్‌లు, 7 టర్నోవర్లు. అంతకుముందు నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి 10 టర్నోవర్లే. ఆ రోజు అమ్మాయి బాగా ఆడలేదని, టెన్షన్ పడిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేను చూసింది వేరు. ఆ రోజు అవతలి జట్టు మీ అమ్మాయిని చదువుకుని వచ్చింది. చివరి రెండు మ్యాచ్‌ల్లో బంతితో రింగు వైపు దూసుకెళ్లినవి కాగితం పెట్టుకుని లెక్కపెట్టాను. మొత్తం 19. అందులో 17 కుడిచేతి వైపే. ఎడమవైపు రెండే. ఇది నాలుగు మ్యాచ్‌లు చూసిన ఏ కోచ్‌కైనా కనపడుతుంది. అందుకే ఐదో మ్యాచ్‌లో హాఫ్‌కోర్టు గీత దాటగానే ఒక డిఫెండర్ కుడివైపు దారి మూసింది, రెండో అమ్మాయి ఎదురుగా వచ్చింది. ఎడమకు తిరిగితే అక్కడ పక్కగీత. వెనక్కి వెళ్దామంటే గీత దాటేశాక బంతితో మళ్లీ సొంత సగంలోకి వెళ్లకూడదు. అంటే రెండు గీతలు, ఇద్దరు మనుషులు, మధ్యలో తను. ఏడు టర్నోవర్లలో నాలుగు సరిగ్గా ఆ మూలలోనే జరిగాయి.

ఇలా జరగడం ఓటమి కాదు. ఒక జట్టు ఇద్దర్ని ఒక అమ్మాయి మీదకు పంపిందంటే అది ఆమెకు ఇచ్చిన గౌరవం. హఠాత్తుగా పైకొచ్చిన ప్రతి ఆటగాడి జీవితంలోనూ ఈ రోజు వస్తుంది. జెరెమీ లిన్ పేరు మీరు వినకపోయి ఉండవచ్చు, మీ అమ్మాయికి తెలుసేమో అడగండి. 2010లో అతన్ని ఏ ఎన్‌బీఏ జట్టూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. 2011 డిసెంబర్‌లో రెండు జట్లు వదిలేశాయి. న్యూయార్క్ నిక్స్‌లో చివరి బెంచ్ ఆటగాడిగా, సోదరుడి ఇంట్లో సోఫా మీద పడుకుంటూ రోజులు గడిపాడు. 2012 ఫిబ్రవరిలో గత్యంతరం లేక అతన్ని దింపారు. మొదటి నుంచి బరిలోకి దిగిన తొలి ఐదు మ్యాచ్‌ల్లో 136 పాయింట్లు కొట్టాడు, అందులో లేకర్స్ మీదే 38. ప్రపంచమంతా అతని పేరే. అదే నెల 23న మయామీ హీట్‌తో మ్యాచ్. హాఫ్‌కోర్టు దాటగానే మీద పడిపోయారు, బంతి తట్టనివ్వలేదు. 11 షాట్లలో ఒక్కటే పడింది. 8 పాయింట్లు, 8 టర్నోవర్లు.

మీ అమ్మాయి షీట్ చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ రాత్రే. అతని కథ అక్కడ ఆగిపోలేదు. మార్చిలో మోకాలి గాయంతో ఆ సీజన్ ముగిసింది. ఆ ఫిబ్రవరి వేడి మళ్లీ ఎప్పుడూ రాలేదన్నదీ నిజమే. కానీ ఎన్‌బీఏలో 9 సీజన్లు ఆడాడు. 2019లో టొరంటో రాప్టర్స్ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. రెండు వారాల మెరుపు పోయినా, ఆ మెరుపులో పడి జనం గమనించని పనితనం అతన్ని నిలబెట్టింది. మీ అమ్మాయి విషయంలోనూ అదే జరగాలని కోరుకుంటున్నాను.

కాబట్టి రాబోయే మూడు నెలల పని ఒక్కటే: ఎడమచేయి. ఇది చిన్న లోపమని వదిలేయవద్దు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, కుడిచేత్తో ఎవరినైనా దాటేసేవాడు. మ్యాచ్‌లు గెలుస్తున్నాం కదా అని ఎడమచేతికి పట్టుబట్టి పని చేయించలేదు. విశ్రాంతి ఇవ్వాల్సిన మ్యాచ్‌ల్లోనూ ఆడించాను. మరుసటి ఏడాదికి అన్ని జట్లకూ అతని దారి తెలిసిపోయింది. అప్పుడు మొదలుపెట్టి నేర్పుదామంటే అతనిలో నమ్మకం పోయింది, మోకాళ్లూ సహకరించలేదు. పంతొమ్మిదేళ్లకే ఆట మానేశాడు. ఆ తప్పు నాదే. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అది కూడా ఒక కారణం.

ఎడమచేతి పని అంటే రోజూ ఇరవై నిమిషాలు. మొదట నిలబడి రెండు చేతులతో రెండు బంతులు ఒకేసారి తట్టడం. తర్వాత ఎడమచేత్తో మాత్రమే, మోకాలి ఎత్తు దాటకుండా, తల పైకెత్తి నడుస్తూ తట్టడం. ఒత్తిడిలో మీ అమ్మాయి డ్రిబుల్ నడుం ఎత్తుకు లేస్తోంది, దొంగిలించడానికి అది చాలు. తర్వాత రింగు దగ్గర ఎడమచేతి లేఅప్‌లు, కుడికాలి మీద లేచి. చివరగా అసలైనది: కోర్టు పక్కన సన్నని దారి గీసుకుని ఇద్దరు డిఫెండర్ల మీద తనొక్కతే బంతి కాపాడుకోవడం. అందులో నేర్చుకోవాల్సింది వెనకడుగు. ఇద్దరు మీదకొచ్చినప్పుడు మీ అమ్మాయి బంతి ఎత్తి పట్టేసుకుంటోంది. పట్టేసుకుంటే అయిపోయినట్టే. బంతి తడుతూనే రెండడుగులు వెనక్కి వేస్తే ఆ ఇద్దరి మధ్యా దారి కనిపిస్తుంది, లేదా ఎక్కడో ఒక స్నేహితురాలు ఖాళీగా కనిపిస్తుంది. ఇద్దరు ఇక్కడ ఉన్నారంటే అక్కడ ముగ్గురే ఉన్నారు కదా. ఇంకో మాట, అసలు ఆ మూలకే వెళ్లకుండా గీతను మధ్యలో దాటడం నేర్చుకోవాలి. పక్కగీత కూడా ఒక డిఫెండరే అని కోచ్‌లు ఊరికే అనరు.

ఒంటి విషయం కూడా చెప్పాలి. లేఅప్ వేసి కిందికి దిగేటప్పుడు మీ అమ్మాయి మోకాళ్లు కొంచెం లోపలికి వాలుతున్నాయి. నాలుగో మ్యాచ్‌లో మూడుసార్లు చూశాను. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో చాలా ఎక్కువ. అదీ ఎవరూ తగలకుండా, దిగేటప్పుడో చటుక్కున దిశ మార్చేటప్పుడో జరుగుతుంది. తెగితే మళ్లీ ఆడటానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మంచి సంగతి ఏమిటంటే, సరిగ్గా దిగడం నేర్పే వార్మప్‌లు ఈ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. ఒంటికాలి మీద నిలకడ, చిన్న గెంతులు, మెత్తగా మోకాళ్లు వంచి దిగడం, తొడల వెనక కండరాలకు బలం. పదిహేను నిమిషాల పని. ప్రాక్టీస్ మొదట్లో ప్రతిసారీ చేయాలి. స్పోర్ట్స్ ఫిజియోకు ఒకసారి చూపించండి. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. వారంలో ఆడే గంటలు వయసు అంకె దాటకూడదని క్రీడావైద్యులు ఒక కొలత చెబుతారు. అంటే మీ అమ్మాయికి పదహారు గంటలు, మ్యాచ్‌లతో కలిపి. నెలసరి తప్పుతున్నా, ఎప్పుడూ నీరసంగా ఉంటున్నా ఆట వల్ల మామూలే అని వదిలేయకండి. ఆడుతున్నంతకు తగ్గట్టు తినడం లేదని ఒళ్లు చెప్పే మొదటి మాట అదే కావచ్చు. డాక్టర్‌కు చూపించండి. ఈ సంగతి అమ్మతో మాట్లాడించడం మంచిది.

చదువు ఆపమన్న పెద్దమనిషి మాట వినకండి. ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ లెక్క చూడండి. వారానికి పదహారు గంటలకు మించి ఆడకూడనప్పుడు చదువు మానేసి మిగిలిన గంటలు ఏం చేస్తుంది? ఇంకా ఎక్కువ ఆడుతుంది, దెబ్బ తగిలించుకుంటుంది. లేదా ఖాళీగా కూర్చుని ఆట గురించి దిగులుపడుతుంది. చదువు మానడం వల్ల ఆటకు కలిసొచ్చేది ఏమీ లేదు. అకాడమీ సంగతి వేరు, అది మంచిదీ కావచ్చు. ఆయన దగ్గరికి వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "మా అమ్మాయి ఆటలో మీకు కనిపించిన లోపం ఏమిటి, దాన్ని ఎలా దిద్దుతారు?" ఎడమచేయి అనో, మోకాలు అనో, ఇద్దరు మీదకొచ్చే డబుల్ టీమ్ అనో చెబితే కూర్చుని మాట్లాడండి. లోపమేమీ లేదు, సూపర్‌స్టార్ అవుతుందంటే టీ తాగి వచ్చేయండి.

మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి ఉంది, నేనే ఎత్తుతున్నాను. చీలమండ బెణికిన ఆ మెయిన్ పాయింట్ గార్డ్ కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. అప్పుడు మీ అమ్మాయి మళ్లీ బెంచ్ మీదకు వెళ్లవచ్చు. ఇంటికి ఫోన్ చేస్తున్నవాళ్లు అప్పుడు అన్యాయం అంటారు. మీరు ఆ మాట అనకండి. ఆ అమ్మాయి దెబ్బ తగలడం వల్లే మీ అమ్మాయికి తలుపు తెరుచుకుంది. అయినా ఆ అమ్మాయి పక్కన ఆడటం మీ అమ్మాయికి మేలే. బంతి వేరొకరి చేతిలో ఉన్నప్పుడు ఖాళీలోకి జరగడం, పాస్ అందుకున్న వెంటనే షాట్ వేయడం అక్కడే నేర్చుకుంటుంది. ఒకటి కాదు, రెండు స్థానాలు ఆడగల గార్డ్‌ను ఏ కోచ్ వదులుకోడు. మాను జినోబిలి 1999 డ్రాఫ్ట్‌లో 57వ ఎంపిక. శాన్ ఆంటోనియో స్పర్స్‌తో నాలుగు టైటిళ్లు గెలిచిన మనిషి, చాలా ఏళ్లు బెంచ్ మీద నుంచి లేచి వచ్చి ఆడాడు. 2008లో బెంచ్ నుంచి వచ్చే ఆటగాళ్లకు ఇచ్చే ఉత్తమ అవార్డు కూడా అతనిదే. మొదటి ఐదుగురిలో పేరు ఉందా లేదా అని కాదు, గట్టి మ్యాచ్‌లో చివరి మూడు నిమిషాలు ఎవరు కోర్టులో ఉన్నారో చూడండి. కోచ్ మనసులో మాట అక్కడ తెలుస్తుంది.

ఎంతదూరం వెళ్తుందని అడిగారు. దాచవద్దన్నారు కాబట్టి దాచను. చిట్టచివరి మెట్టు చాలా ఇరుకు. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2024 వరకు 12 జట్లు, జట్టుకు ఎక్కువలో ఎక్కువ 12 మంది. ప్రపంచం మొత్తానికి 144 స్థానాలు. ఇప్పుడు జట్లు పెరుగుతున్నాయి, అయినా ఆ లెక్క మీకు అంచనా ఇస్తుంది. ఐదు మ్యాచ్‌లు చూసి ఆ మెట్టు గురించి మాట్లాడేవాళ్లను నమ్మవద్దు. అలాగని ఎత్తు తక్కువ, ఎవరూ గుర్తించలేదు అని ముందే తలుపు మూసేవాళ్లనూ నమ్మవద్దు. అదే లీగ్‌లో ఆడిన బెకీ హామన్ ఎత్తు సరిగ్గా మీ అమ్మాయి ఎత్తే, ఐదడుగుల ఆరంగుళాలు. 1999లో ఆమెను ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. న్యూయార్క్ లిబర్టీలో తెరీసా వెదర్‌స్పూన్ వెనక రెండో గార్డ్‌గా మొదలుపెట్టింది. ఆరుసార్లు ఆల్‌స్టార్‌గా, అంటే లీగ్ మేటి ఆటగాళ్లలో ఒకరిగా, ఎంపికైంది. తర్వాత కోచ్‌గా లాస్ వెగాస్ ఏసెస్‌ను 2022, 2023లో ఛాంపియన్లను చేసింది. 2023లో ఆట దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. ఒక ఆటలో ఎన్ని గదులుంటాయో ఆమె జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆ చిట్టచివరి మెట్టు కింద చాలా మెట్లున్నాయి. ముందు మీ అమ్మాయి వయసు గ్రూపులో పై స్థాయి సెలెక్షన్స్, తర్వాత కాలేజీ జట్లు. ఇంకా చాలా దేశాల్లో ప్రొఫెషనల్ మహిళా లీగులున్నాయి. త్రీ బై త్రీ అని ముగ్గురేసి సగం కోర్టులో ఆడే ఆట టోక్యో ఒలింపిక్స్ నుంచి పతకాల ఆట అయింది. పది నిమిషాలు, షాట్‌కు 12 సెకన్లు, 21 పాయింట్లు ముందు కొట్టిన జట్టుదే గెలుపు. కోచ్ పక్కనుండి చెప్పే ఆట కాదు, ఆటగాళ్లే అక్కడికక్కడ తేల్చుకోవాలి. ఊపిరి, త్వరగా చూసే కళ్లు, తప్పు చేసి వెంటనే లేచే మనసు అక్కడ బాగా పనికొస్తాయి. మీ అమ్మాయికి ఈ ఆట కూడా పరిచయం చేయమని నా సలహా. ఇప్పుడు నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇంతవరకే: ఎడమచేయి, మోకాళ్లు రెండూ కుదిరితే, ఏడాదిలో తన వయసు గ్రూపులో పై స్థాయి సెలెక్షన్స్‌కు వెళ్లి సిగ్గుపడకుండా నిలబడగలదు. ఆపైన ఏముందో అక్కడ నిలబడ్డాక కనిపిస్తుంది.

ఇక మీ అమ్మాయి అడిగిన ప్రశ్న. "వచ్చేసారి ఆడలేకపోతే?" ఆ మాట రాసినందుకు మీకు కృతజ్ఞతలు. ఈ ఉత్తరమంతటిలో నాకు ముఖ్యమనిపించింది అదే. మొన్నటిదాకా మీ అమ్మాయిని ఎవరూ చూడలేదు. చివరి పేరుగా బెంచ్ మీద కూర్చున్నప్పుడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, అందుకే చేతులు తేలిగ్గా ఆడాయి. ఇప్పుడు ఉంది. "బాగా ఆడతావులే, భయపడకు" అని చెప్పకండి. ఆ మాట వింటే, బాగా ఆడితేనే నాన్నకు ఇష్టమని వినిపిస్తుంది. నిజం చెప్పండి. "ఆడలేని రోజు వస్తుందమ్మా, అందరికీ వస్తుంది, ఆ రోజు కూడా నేను గ్యాలరీలో అదే సీటులో ఉంటాను" అనండి. తర్వాత ఆ మాట నిలబెట్టుకోండి.

మ్యాచ్ అయ్యాక దారిలో ఎన్ని పాయింట్లని అడగకండి. అసలు ఆట గురించి ముందు మీరు మాట్లాడకండి. తనే మొదలుపెడితే, "ఇవాళ నిన్ను ఎవరు ఎక్కువ ఇబ్బంది పెట్టారు? ఏం చేస్తే ఆపగలిగారు?" అని అడగండి. దానికి జవాబు చెప్పడంలో మీ అమ్మాయి సగం పాఠం నేర్చుకుంటుంది. ఫోన్లు వచ్చినప్పుడు తనకు ఇవ్వకుండా మీరే మాట్లాడి పెట్టేయండి. పొగడ్త ఫోన్లు కూడా.

ఒక చిన్న పుస్తకం కొనివ్వండి. ప్రతి మ్యాచ్ తర్వాత రెండే అంకెలు రాసుకోమనండి. ఎడమవైపు ఎన్నిసార్లు వెళ్లాను, తప్పు చేశాక ఎన్నిసార్లు వెంటనే వెనక్కి పరిగెత్తాను. ఈ రెండూ అవతలి జట్టు చేతిలో లేవు, రిఫరీ చేతిలో లేవు, రింగు చుట్టూ తిరిగే బంతి చేతిలోనూ లేవు. రెండో అంకె మీ అమ్మాయికి ఇప్పటికే బాగుంది. మొదటిది రెండు మ్యాచ్‌లకు రెండు. మూడు నెలలయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి. అప్పుడు పాయింట్లు రాయకపోయినా ఫరవాలేదు, ఆ మొదటి అంకె ఎంతకొచ్చిందో మాత్రం తప్పకుండా రాయండి.